ఎండు గుడ్డతో వచ్చే గీతలు

దసరా వెళ్ళిన నెలలో నాకు వచ్చే ఉత్తరాల తీరే వేరు. మామూలు రోజుల్లో మైలేజీ అంటారు, బ్యాటరీ అంటారు. పండగ అయ్యాక మాత్రం అన్నీ పెయింటు బాధలే. పసుపు మరక, కుంకుమ మరక, బంపర్ మీద కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు, పూలదండ కట్టిన బైండింగ్ వైరు గీసిన గీత. అందుకని ఈసారి ఇంజన్ ప్రశ్నలు పక్కన పెట్టి పెయింటు ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక ముక్క. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా కార్లకు పెయింటు కొట్టినవాణ్ణి. పదిహేడో ఏట ఒక షెడ్డులో వాటర్ పేపర్ కుర్రాడిగా చేరాను. అంటే లప్పం పెట్టిన డోర్ల మీద నీళ్ళు పోస్తూ ఆ గరుకు కాగితంతో పొద్దుగూకే దాకా రుద్దడమే పని. సాయంత్రానికి వేళ్ళ చివర్లు మండి అన్నం కలుపుకోవడానికి స్పూను అడిగేవాణ్ణి. ఇప్పుడు స్ప్రే గన్ను పట్టడం మానేశాను, ఊపిరితిత్తులు ఒప్పుకోవడం లేదు.

ముందు నా తప్పు ఒకటి దిద్దుకోవాలి. పోయిన నెల ఇదే శీర్షికలో, కొత్త రోడ్డు మీద అంటిన తారు మరకలకు కిరసనాయిలు రాయమన్నాను. ఒంగోలు నుంచి ఒకాయన రాశారు: "మీరు చెప్పినట్టే చేశాను. తారు పోయింది. కానీ వారం తిరక్కుండా డోర్ల కింద భాగమంతా దుమ్ము పట్టి నల్లగా తయారైంది." నిజమే. రాసిన తర్వాత షాంపూ నీళ్ళతో కడిగెయ్యాలన్న మాట నేను రాయలేదు. జిడ్డు అలాగే ఉంటే దుమ్ము పట్టక ఏం చేస్తుంది? ఆయన డోర్లు ఇప్పుడైనా షాంపూతో కడుక్కుని, అక్కడ మళ్ళీ వాక్స్ రాసుకోవాలి. తారుతో పాటు పాత వాక్స్ కూడా కిరసనాయిలుకు పోయి ఉంటుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. 2018లో కొన్న ముదురు నీలం బాలెనో. నీడలో బాగానే ఉంటుంది. ఎండలోకి తీస్తే బానెట్ మీద సాలెగూడు లాగా గుండ్రటి సన్నగీతలు, వాటి మధ్య తెల్లటి నీటి చుక్కల మచ్చలు. రోజూ తుడవడానికి నెలకు ఆరొందలు ఇచ్చి ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. మాకు బోరు నీళ్ళే. దుకాణానికి వెళ్తే షాంపూ, కాంపౌండు, పాలిష్, వాక్స్, స్క్రాచ్ రిమూవర్, సిరామిక్ స్ప్రే అని అలమారంతా చూపించారు. తల తిరిగి ఏదీ కొనకుండా వచ్చేశాను. ఏవి కొనాలి?
– ఒక గృహిణి, హైదరాబాద్

కొనకుండా రావడం మంచిదైందమ్మా. ముందు ఆ ఆరొందల సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ గీతలు గీస్తున్నది ఆ డబ్బే.

రేపు పొద్దున్నే ఆరింటికి కిందికి దిగి ఆ అబ్బాయి పని చూడండి. ఒక బకెట్, ఒక పాత బనియన్ గుడ్డ. ఆ బకెట్‌తో మీ వరసలో ఉన్న ఏడెనిమిది కార్లూ తుడుస్తాడు. మీ కారు ఆరోదైతే, ముందున్న అయిదు కార్ల ఇసుక ఆ గుడ్డలో ఉంటుంది. అంతకంటే పాపం నీళ్ళు లేని రోజున ఎండు గుడ్డతో దుమ్ము దులపడం. రాత్రి పడిన దుమ్ములో ఉండేది సన్నటి ఇసుకే. దాని మీద గుడ్డ పెట్టి గుండ్రంగా తిప్పితే మేము షెడ్డులో వాటర్ పేపర్‌తో చేసే పనే జరుగుతుంది. కాకపోతే మేము కావాలని చేస్తాం. అబ్బాయిని తిట్టకండి, ఎవరూ వాడికి చెప్పి ఉండరు. రోజూ వద్దు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు, ముందు నీళ్ళు పోసి దుమ్ము జారనిచ్చాకే గుడ్డ పెట్టమనండి. గుడ్డ మీరే ఇవ్వండి. ఆరొందలు మాత్రం తగ్గించకండి.

ఇప్పుడు అలమారాలోని సరుకు. అది అర్థం కావాలంటే కారు ఒంటి మీద ఏముందో తెలియాలి. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమరు, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు. ఈ నాలుగూ కలిపి మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే మొత్తం పెయింటు రెండు వెంట్రుకలంత. అందులో పైనున్న క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లు, ఒక వెంట్రుక మందం కూడా లేదు. మీరు చూస్తున్న గీతలు ఈ క్లియర్ కోటులోనే ఉన్నాయి.

గీత పోవడం అంటే గీత పూడటం కాదు. గీతకు అటూ ఇటూ ఉన్న గట్లను అరగదీసి గీత అడుగుతో సమానం చెయ్యడం. కాంపౌండు చేసేది అదే. ముతక పొడి కలిపిన ముద్ద అది, గట్టిగా కోస్తుంది, చేసినప్పుడల్లా రెండు మూడు మైక్రాన్లు పోతాయి. పాలిష్ కూడా కోసేదే, కాకపోతే మెత్తగా. వాక్స్ కొయ్యదు, పైన పూతగా ఉంటుంది. స్క్రాచ్ రిమూవర్ అని చిన్న ట్యూబులో అమ్మేది ఎక్కువగా పాలిషే, కొంచెం నూనె కలిపి ఉంటుంది. ఆ నూనె గీతను తాత్కాలికంగా కప్పుతుంది, నాలుగు వానలకు గీత మళ్ళీ పలకరిస్తుంది. కాబట్టి అది వద్దు.

మీరు కొనాల్సినవి: కారు షాంపూ ఒకటి, క్లే బార్ (అంటుకుపోయిన మురికి తీసే మెత్తటి ముద్ద) ఒకటి, మెత్తటి పాలిష్ ఒకటి, వాక్స్ ఒకటి. త్రీఎమ్, మెగ్వైర్స్, సోనాక్స్, టర్టిల్ వాక్స్, ఏ కంపెనీదైనా పెద్ద తేడా రాదు. పాలిష్ డబ్బా మీద "ఫినిషింగ్" అని ఉందా, "కటింగ్" అని ఉందా చూసుకోండి. మీకు ఫినిషింగ్‌ది కావాలి. గుడ్డల దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యకండి. మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు, కడగడానికి మైక్రోఫైబర్ చేతితొడుగు ఒకటి. పాలిష్ తీసిన గుడ్డతో వాక్స్ తియ్యకూడదు. కింద పడిన గుడ్డ ఉతికేదాకా పెయింటును తాకకూడదు. ఉతికేటప్పుడు సువాసన కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వెయ్యొద్దు, పోగులు మూసుకుపోయి గుడ్డ నీళ్ళు పీల్చదు.

గిన్నెలు తోమే లిక్విడ్ తో కడగొచ్చా అని చాలామంది అడుగుతారు. గిన్నె మీద జిడ్డు వదిలించడానికి చేసింది కారు మీద వాక్స్‌నీ వదిలిస్తుంది. పాత వాక్స్ తీసి కొత్తది రాసే రోజున ఒక్కసారి వాడితే వాడండి, వారం వారం వద్దు. బట్టల సబ్బు పొడి అసలే వద్దు.

ఇక పని. ఎండలో నిలబెట్టిన కారు మీద ఏదీ చెయ్యకండి. బానెట్ మీద చెయ్యి పెట్టి హాయిగా పది లెక్కపెట్టగలిగితేనే మొదలుపెట్టాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఇంట్లో రంగు వేయించినప్పటి ఇరవై లీటర్ల డబ్బాలైనా సరే. ఒకదాంట్లో షాంపూ నీళ్ళు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్ళు. తొడుగును షాంపూలో ముంచి ఒక భాగం కడిగి, ఉత్త నీళ్ళలో జాడించి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. పని అయ్యాక ఉత్త నీళ్ళ బకెట్ అడుగు చూడండి. కారు మీద రుద్దుకోవాల్సిన ఇసుకంతా అక్కడ కూర్చుని ఉంటుంది. పైనుంచి కిందికి కడగండి, డోర్ల అడుగు భాగం, చక్రాలు చివరికి.

కడిగిన వెంటనే ఆరబెట్టండి. మీ నీటిచుక్కల మచ్చలకు కారణం బోరు నీళ్ళలోని సున్నమే. నీరు ఆవిరైపోతుంది, సున్నం మిగిలిపోతుంది. మిగిలిన మచ్చలకు తెల్ల వెనిగర్, వాటర్ ప్యూరిఫైయర్ నీళ్ళు సమంగా కలిపి, గుడ్డ తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి, తీసి కడిగెయ్యండి. రుద్దొద్దు. సున్నం పులుపుకు కరగడం మనకు కొత్తేం కాదు. అప్పటికీ పోకపోతే ఆ మచ్చ క్లియర్ కోటులోకి దిగిందన్నమాట, దాన్ని పాలిష్‌కు వదిలేయండి.

తరవాత నాకు బాగా ఇష్టమైన పరీక్ష. చేతికి పల్చటి క్యారీబ్యాగ్ తొడుక్కుని, కడిగిన తడి బానెట్ మీద నెమ్మదిగా పోనివ్వండి. కంటికి నున్నగా కనిపించే చోట చేతికి ఉప్పుడు రవ్వ మీద రాసినట్టు తగులుతుంది. అదంతా పెయింటుకు అంటుకుపోయిన మురికి, షాంపూకు రాదు. దానికే క్లే బార్. చపాతీ పిండిలా ఉంటుంది. చిన్న ముక్క తీసి బిళ్ళలా ఒత్తి, షాంపూ నీళ్ళు బాగా చల్లుతూ, ఒత్తకుండా అటూ ఇటూ జరపాలి. ముందు గరగరమని, తరవాత జారుడుగా తగులుతుంది. బిళ్ళ నల్లబడితే మడిచి కొత్త వైపు తియ్యండి. కింద పడితే మాత్రం, ఎంత ఖరీదైనా, చెత్తబుట్టలోకే.

అప్పుడు పాలిష్. బానెట్ మీద ఒక మూల జానెడు జాగా టేపుతో గుర్తు పెట్టుకుని అక్కడే చేసి చూడండి. సెనగగింజంత పాలిష్ చాలు. చేత్తో చేస్తే సగం గీతలు పోతాయి, సగం పల్చబడతాయి. అంతే అనుకోండి, దానికే కారు మొహం మారుతుంది. పాలిష్ మిషన్ అద్దెకు తెచ్చుకోవాలనిపిస్తే డ్యుయల్ యాక్షన్‌ది అడగండి, అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. ఒకేచోట గిర్రున తిరిగే రోటరీ, మేము వాడేది, ముట్టుకోవద్దు. ఇది ఎవరో చెప్తే చెప్పడం లేదు. నేను రోటరీ పట్టిన రెండో ఏడు, ఒక డాక్టరుగారి నల్ల కారు డోరు అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆపాను. క్లియర్ కోటు పోయి, రంగు పోయి, ప్రైమరు బూడిదరంగులో నవ్వింది. అంచుల మీద పెయింటు ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. ఆ డోరు మళ్ళీ పూర్తిగా నా డబ్బుతో కొట్టాను.

చివరికి వాక్స్, పల్చగా, ఎంత పల్చగా అంటే రాశారో లేదో అనుమానం వచ్చేంత. మన ఎండలకు రెండు నెలలు, మహా అయితే మూడు. బానెట్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలవకుండా పరుచుకుపోతుంటే మళ్ళీ రాసే వేళైంది. పాలిష్ మాత్రం ఏడాదికి ఒక్కసారి మించి వద్దు. వెంట్రుకంత కూడా లేని దాన్ని ఎన్నిసార్లు కోస్తాం?

ప్రశ్న: పెయింటర్ గారూ, నేను రిటైరైన లెక్కల మాస్టారిని. నా దగ్గర 1997 మోడల్ ఎర్ర మారుతి 800 ఉంది. ఎరుపు వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. చేత్తో రాస్తే పొడి వస్తోంది. మళ్ళీ పెయింటు వేయించెయ్యమని మా అబ్బాయి. నాకు మనసొప్పడం లేదు. ఇంట్లోనే బాగుచేసుకునే దారి ఉందా?
– తెనాలి

మాస్టారూ, మీ ఉత్తరం చదివి నాకు షెడ్డులో మొదటి రోజులు గుర్తొచ్చాయి. మారుతి 800 వచ్చింది 1983 డిసెంబరులో, ఆగింది 2014లో. ఆ ముప్పై ఏళ్ళలో ఆటోనగర్‌లో నేను ముట్టుకున్న కార్లలో సగం అవే అయి ఉంటాయి.

చేతికి పొడి రావడం నిజానికి మంచి వార్త. ఎండకు, గాలికి పెయింటు పైపొర చచ్చిపోయి సుద్దలాగా మారింది. కింద ఎరుపు బతికే ఉంది. అయితే మీ కారు మీద క్లియర్ కోటు లేకుండా ఉత్త రంగే ఉందో, కాదో ముందు తేల్చుకోవాలి. వెనక డిక్కీ మూత మీద ఒక చోట, తెల్ల గుడ్డకు కొంచెం పాలిష్ రాసి పది పన్నెండుసార్లు రుద్దండి. గుడ్డ ఎర్రగా మారితే ఉత్త రంగే. భయపడొద్దు, చచ్చిన పెయింటు వస్తోందంతే. తుడిచి చూస్తే కింద ఎరుపు కనిపించాలి. గుడ్డ ఎర్రబడకుండా పెయింటు తెల్లటి పొరలుగా లేస్తుంటే అక్కడ ఆపెయ్యండి, అది వేరే కథ, దాని గురించి చివరి ఉత్తరంలో చెప్తాను. మధ్యలో ఎక్కడైనా కారుకు రీపెయింటు పడి ఉంటే ఒక డోరు ఒకలా, ఇంకో డోరు ఇంకోలా జవాబివ్వొచ్చు. అందుకని ప్రతి భాగం విడిగా చూసుకోండి.

ఉత్త రంగే అని తేలితే మీరు చేత్తోనే చెయ్యొచ్చు. రేకుడబ్బాలో వచ్చే ముతక రబ్బింగ్ కాంపౌండుతో మొదలుపెట్టొద్దు. పాతికేళ్ళు దాటిన పెయింటు, ఎంత మిగిలిందో పైకి తెలియదు. మెత్తటి పాలిష్‌తోనే రోజుకో భాగం. ఈరోజు బానెట్, రేపు ఎడమ ఫెండర్, అంటే ముందు చక్రం మీది రేకు. గీతలా కనిపించే బాడీ అంచుల మీద రుద్దొద్దు, వాటి మీద టేపు అంటించుకోండి. గుడ్డ ఎర్రగా నిండగానే మార్చాలి, లేకపోతే చచ్చిన పొడితోనే మళ్ళీ రుద్దుతుంటారు. పాత తెల్ల పంచె మెత్తగా ఉంటే ఈ పనికి బాగుంటుంది. కానీ ఆ పంచె మీద ఆశ వదులుకోండి. మా ఆవిడ ఒకసారి అలాంటి గుడ్డలు ఉతికే బట్టల్లో చూసి ఎవరికి దెబ్బ తగిలిందని కేకలు పెట్టింది.

ఎరుపు తేలిన రోజే వాక్స్ పడాలి. ఉత్త రంగుకు క్లియర్ కోటు కాపలా లేదు, వాక్సే కాపలా. మీ కారుకు కార్నూబా పేస్ట్ వాక్స్ తీసుకోండి. బ్రెజిల్‌లో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకుల మీదినుంచి ఆ మైనం తీస్తారు. ఎండకు ఆకులో తడి ఆరిపోకుండా చెట్టు తనకు తాను పూసుకునే పూత అది. కరగాలంటే ఎనభై డిగ్రీలు దాటాలి. ఎరుపు మీద దాని నిగారింపు వేరు, సిరామిక్ అంటూ ఎవరేం చెప్పినా నా ఓటు దానికే. నెలన్నరకోసారి రాయండి, నీడలో పెట్టండి. ఎరుపు ఎండకు ఓర్చుకోలేని రంగు.

మీ అబ్బాయికి కోపం రాకుండా ఒక మాట. పొడి అంతా వచ్చేసి కింద ప్రైమరు కనిపించిన చోట్ల నేను చెప్పినదేదీ పనిచెయ్యదు, అక్కడ రంగు పడాల్సిందే.

ప్రశ్న: మాది గాజువాక. తెల్ల కారు, కొని రెండేళ్ళే అయింది. ఒళ్ళంతా సూదిమొనంత నారింజరంగు చుక్కలు. కడిగితే పోవు. రెండేళ్ళకే తుప్పా?
– ఒక ఉద్యోగి, విశాఖపట్నం

లోపలి తుప్పు కాదు, టెన్షన్ పడకండి. బయటినుంచి వచ్చి కూర్చున్న ఇనుప రజను తుప్పు పడుతోంది. బ్రేకు ప్యాడ్ల నుంచి, రైలు పట్టాల నుంచి, ఇనుముతో పనిచేసే చోట్ల నుంచి గాలిలో సన్నటి ఇనుము ఎగురుతుంది. మీ ఊరికి స్టీలు ప్లాంటు ఉంది, పోర్టు ఉంది, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. నల్ల కార్లకూ ఇదే జరుగుతుంది, కనిపించదంతే.

ఐరన్ రిమూవర్ అని స్ప్రే సీసాలో దొరుకుతుంది. నీడలో, చల్లగా ఉన్న కారు మీద, కడిగాక కొట్టండి. రెండు మూడు నిమిషాల్లో ప్రతి చుక్క దగ్గరా ఊదారంగు పుట్టి, నేరేడు పళ్ళు చిదిమినట్టు కిందికి కారుతుంది. చూడటానికి భలేగా ఉంటుంది కానీ కంపు మాత్రం కుళ్ళిన గుడ్డు కంపు, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి. ఆరనివ్వకుండా నీళ్ళు బాగా కొట్టి కడిగెయ్యాలి. మొండివి మిగిలితే ఇంకోసారి, ఆ తర్వాత పైన చెప్పిన క్లే బార్, వాక్స్. క్లే ముందు పట్టుకుంటే ఇనుప ముక్కల్ని పెయింటు మీద ఈడ్చినట్టవుతుంది, అందుకే స్ప్రే ముందు. మీలాంటి చోట ఏడాదికి రెండుసార్లు చెయ్యక తప్పదు.

ప్రశ్న: ఆయుధపూజ నాడు తెల్ల కారు బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేశాం. మర్నాడు మా ఆవిడ బట్టల సబ్బుతో కడిగితే పసుపు కాస్తా ఎర్రగా మారింది. పెయింటు పాడైందా?
– రాజమహేంద్రవరం

పెయింటుకు ఏం కాలేదు. పసుపులో సున్నం కలిస్తే కుంకుమ ఎలా వస్తుందో, సబ్బులోని క్షారానికి ఇదీ అలాగే ఎర్రబడింది. కారు షాంపూతో కడిగి, బాగా నీళ్ళు పోసి, నాలుగు రోజులు ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు నిలవదు, దానంతట అది వెలిసిపోతుంది. కారును ఎండలో పెట్టమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే. వచ్చే దసరాకు ముందు రోజే వాక్స్ రాసి పెట్టుకోండి, మరక లోపలికి దిగదు. బొట్టు అద్దం మీద పెట్టినా అమ్మవారు కాదనదు.

ప్రశ్న: గీతలకు టూత్‌పేస్టు రాస్తే పోతాయని వీడియోలో చూశాను. నిజమేనా?
– ఖమ్మం

టూత్‌పేస్టులో సన్నటి సుద్ద లాంటి పొడి ఉంటుంది, కాబట్టి కొంచెం కోస్తుంది. సన్నగీత పల్చబడుతుంది. కానీ అది పంటి కోసం చేసిన పొడి, పెయింటు మీద పొగ పట్టినట్టు మసక మిగులుస్తుంది. వీడియోలో ఆ కారును తడిగా ఉండగానే చూపిస్తారు. తడి చేస్తే ఏ గీతైనా దాక్కుంటుంది. మీరూ ఆ కిటుకు వాడుకోండి: గీత మీద నీళ్ళు రాయండి. కనిపించకుండా పోతే అది పైపై గీత, పాలిష్‌కు వస్తుంది. తడిసినా కనిపిస్తూ, గోరు అడ్డంగా పోనిస్తే గోరు ఆగిందంటే పాలిష్‌కు రాదు, గీతలో పూసే టచప్ రంగు కావాలి. రంగు కోడు బానెట్ కిందో డోరు స్తంభం మీదో ఉండే ప్లేటు మీద ఉంటుంది, దాని ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్ళండి. "తెలుపు" అని అడిగితే మీ తెలుపు రాదు.

ప్రశ్న: మా మామిడితోటలో షెడ్డు లేదు, చెట్ల కిందే కారు పెడతాను. పూత కాలంలో బంక బంకగా ఏదో కారి దాని మీద నల్లగా మసి పడుతోంది. కాకి రెట్టలు సరేసరి.
– నూజివీడు

రైతుకు నేను చెప్పేదేముంది, అది తేనెమంచు పురుగు పని. అది వదిలే తీపి జిగురు, దాని మీద పెరిగే మసి తెగులు. ఆకుల మీద చూసేదే మీ కారు మీదా చూస్తున్నారు. చక్కెర కాబట్టి గోరువెచ్చటి నీళ్ళకు కరిగిపోతుంది. తడిగుడ్డ కప్పి పది నిమిషాలు నాననిచ్చి కడగండి, గీకొద్దు.

రెట్టలకు మాత్రం సాయంత్రం దాకా ఆగొద్దు. ఎండకు క్లియర్ కోటు మెత్తబడి వ్యాకోచిస్తుంది, సాయంత్రం చల్లబడి బిగుసుకుంటుంది. పైన ఎండిన రెట్ట ఉంటే దాని ఆకారానికే బిగుసుకుని మచ్చ అచ్చు పడిపోతుంది. దానికి తోడు రెట్టలోని ఆమ్లం. డోరులో ఒక నీళ్ళ సీసా, ఒక గుడ్డ పెట్టుకోండి.

ప్రశ్న: వచ్చే నెల కొత్త కారు తీసుకుంటున్నాను. షోరూమ్‌లో టెఫ్లాన్ కోటింగ్ చేయించుకోమంటున్నారు. బయట ఒకాయన 9హెచ్ సిరామిక్ అంటున్నాడు, రాయి తగిలినా గీత పడదట. ఏది మంచిది?
– కరీంనగర్

తమ్ముడూ, టెఫ్లాన్ కరిగేది 327 డిగ్రీల దగ్గర. పెనం మీద దాన్ని కాల్చి అంటిస్తారు. నీ కారును అంత వేడి చేస్తే డ్యాష్‌బోర్డు మిగలదు. టెఫ్లాన్ పేరుతో గుడ్డతో రాసేదేదైనా వాక్స్‌లా కొన్నాళ్ళుండి పోయేదే. బిల్లులోంచి అది తీసేయమను.

సిరామిక్, అంటే పెయింటు మీద రాస్తే గట్టిపడే ద్రవపు పూత, అబద్ధం కాదు. సరిగ్గా రాస్తే వాక్స్ కంటే చాలాకాలం ఉంటుంది, కడగడం తేలిక. కానీ 9హెచ్ అంటే వజ్రం పక్కన నిలబడే గట్టితనం కాదు, పెన్సిల్ ములుకులతో గీసి చూసే పరీక్షలో వచ్చే అంకె. 9హెచ్ పెన్సిల్ గీయలేదని అర్థం. లారీ చక్రం విసిరిన కంకర రాయి పెన్సిల్ కాదు కదా! రాళ్ళ దెబ్బకు అడ్డుపడేది మందపాటి ప్లాస్టిక్ ఫిల్ము, పీపీఎఫ్ అంటారు, దాని ఖరీదు వేరే లెవెల్. డబ్బుంటే బానెట్‌కు, ముందు బంపర్‌కు వేయించుకో, మిగతా ఒంటికి వాక్స్ చాలు. ఇంకోటి, డెలివరీ రోజున షోరూమ్‌లో తుడిచి మెరిపించి ఇస్తామంటే, కడగొద్దు, తుడవొద్దు, దుమ్ముతోనే ఇవ్వండి అను. నవ్వితే నవ్వనీ. నేను చూసిన కొత్త కార్లలో మొదటి గీతలు చాలావాటికి ఆ తుడుపులోనే పడ్డాయి.

ప్రశ్న: సార్, నేను నెల్లూరులో ట్యాక్సీ తోలుతాను. 2013 బండి. టాపు మీద, బానెట్ మీద పెయింటు చేప పొలుసుల్లా లేచిపోతోంది. ఏ పాలిష్ కొంటే అతుక్కుంటుంది?
– నెల్లూరు

ఏదీ కొనొద్దు. తెనాలి మాస్టారికి వేరే కథ అన్నది ఇదే. లేచిపోతున్నది క్లియర్ కోటు. ఒకసారి కింది రంగునుంచి పట్టు వదిలాక దాన్ని అతికించే సీసా ప్రపంచంలో లేదు. పాలిష్ పెడితే అంచులు ఇంకా లేస్తాయి. మెషీన్ వాటర్ వాష్ చేయించేటప్పుడు కూడా గొట్టం టాపుకు దూరంగా పట్టమను, ఆ వత్తిడికి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది.

డబ్బు చేతిలోకి వచ్చేదాకా అలాగే తిప్పుకో, బండి నడకకు నష్టం లేదు. కొట్టించే రోజున టాపు, బానెట్ రెండే కొట్టించు, మొత్తం బండి అక్కర్లేదు. పాత క్లియర్ కోటు మీదే కొత్తది కొట్టేస్తాం, తక్కువలో అయిపోతుంది అనే షెడ్డుకు ఇవ్వొద్దు. లేచేదాని మీద కొడితే రెండు వానాకాలాల్లో మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తావు. లేచినదంతా, దాని చుట్టూ గట్టిగా ఉన్నట్టు కనిపించే జానెడు జాగాతో సహా, వాటర్ పేపర్ పట్టాకే ప్రైమరు పడాలి. ఆ రుద్దుడు జరిగే పూట ఖాళీ చేసుకుని షెడ్డుకు వెళ్ళి కూర్చో, టీ వాళ్ళే ఇప్పిస్తారు. కొట్టాక రెండు నెలలు వాక్స్ రాయొద్దు, కొత్త పెయింటులోని థిన్నర్ బయటికి పోవాలి. అప్పటిదాకా ఉత్త నీళ్ళు, మెత్తటి గుడ్డ.